బల్ల ఎత్తు

ఉదయం ఏడుంబావుకి రెండో థియేటర్లో ఆపరేషన్ బల్ల నాలుగంగుళాలు కిందికి దిగింది. దించమన్నది పీట డాక్టరమ్మ.

ఆ పేరు చాటుగా పెట్టిందే. ఆ సర్జరీ విభాగంలో కత్తి ఎవరి చేతిలో ఉన్నా బల్ల మాత్రం హెడ్డుగా ఉన్న పెద్దాయన మోచేతి ఎత్తుకే ఉంటుంది. ఆయన ఆరడుగుల పైమాట. ఆమె ఐదడుగులు దాటదు. అందుకని ఇరవై ఏళ్లుగా ఇనప పీటెక్కి కోస్తోంది.

పీట మీద ఉన్నంతసేపూ ఆమెకి నేల తెలియదు. పైన దీపం, కింద గుడ్డల మధ్య జానెడు వెలుగు, మత్తు మిషను ఊపిరి. ఆ ఊపిరితో పాటు గది తేలుతున్నట్టుంటుంది. ఇంటికెళ్లి పడుకున్నా మంచం తేలుతూనే ఉంటుంది. ఆ తెల్లవారుజామున కలలో పీటకి మెట్లు మొలిచాయి. ఆమె ఎక్కుతూనే ఉంది. బల్ల అందలేదు.

పెద్దాయన నెలాఖరుకి దిగిపోతున్నాడు. తన కుర్చీ ఎవరికో మధ్యాహ్నంలోగా డైరెక్టరుకి చెప్పాలి. మగ డాక్టర్లు బట్టలు మార్చుకునే గదిలో ఆ సంగతి ఖాయమైపోయింది. పొడుగు డాక్టరుకి. ఆమె దగ్గర కుట్లు నేర్చుకున్నవాడే. ఆమె మార్చుకునేది నర్సుల గదిలో. పెద్ద సిస్టరు చెబితే తెలిసింది.

ఈ రోజు కత్తి ఆమెది. ఎదురుగా నిలబడి సాయం చేస్తున్నది పెద్దాయన.

"ఇంత కిందికైతే నా నడుం పట్టేస్తుందమ్మా," అన్నాడు.

"నా మోకాళ్లు పట్టేసి పదేళ్లయింది సార్."

పెద్ద సిస్టరు మాస్కులో నవ్వింది.

పేగులో గడ్డ బయటపడింది. ఆమె కోస్తోంది, ఆయన ముడులు వేస్తున్నాడు.

"ఈ కుర్చీ గోలంతా నీకెందుకమ్మా? పిల్లలకి రెక్కలొచ్చాయి. హాయిగా ఇంటిపట్టున ఉండు. మావాడు నడక నేర్చింది నేను ఫొటోలో చూశాను. వాడి కూతురి నడకైనా కళ్లారా చూడాలి."

"చూడండి సార్. నేను మావాళ్ల నడకలూ చూశాను, పరుగులూ చూశాను. నాకిప్పుడు ఇక్కడి ఆకలి."

"డిప్యూటీగా ఉండమంటే వద్దన్నావు కదా?"

"పన్నెండేళ్ల కిందట. చిన్నదానికి జ్వరాలు. వద్దన్నాను. మళ్లీ అడిగారా?"

దారం ఆయన వేళ్ల మధ్య ఆగిపోయింది. మిషను రెండు ఊపిర్లు తీసింది.

"అడగలేదు."

"నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా. ఆ కుర్చీ నాకు కావాలి."

"సార్, దారం," అంది పెద్ద సిస్టరు.

ముడి పడింది.

నేల చల్లదనం చెప్పుల్లోంచి ఆమె అరికాళ్లకి ఎక్కుతోంది. ఏటి ఒడ్డున దిగినట్టుంది. కుట్లు అయ్యాక పెద్దాయన గ్లవ్స్ తీసేసి, నడుం మీద చెయ్యి వేసుకుని బయటికి నడిచాడు.

పన్నెండింటికి కాస్త ముందు థియేటర్ ఫోను మోగింది. ఆమె రెండో కేసుకి చేతులు కడుక్కుని నిలబడి ఉంది. పెద్ద సిస్టరు ఫోను ఆమె చెవికి ఆనకుండా పట్టుకుంది.

"పెద్దాయన మీ పేరు చెప్పారు డాక్టరుగారూ," అన్నాడు డైరెక్టరు. "మీరేమంటారు?"

"సరేనంటాను."

రెండో కేసుకి సాయం చెయ్యడానికి పొడుగు డాక్టరు వచ్చాడు. బల్ల వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆ ఎత్తుకి తగ్గేలా కాళ్లు రెండూ ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

పీట గోడవారన ఉంది. దాని మీద పెద్ద సిస్టరు సెలైన్ పెట్టె పెట్టింది.