మర్యాదగా మార్చిన మాట

దర్జీకీ అతని భార్యకీ మాటల్లేక పదకొండు రోజులు. అన్నాళ్ళూ వాళ్ళ కాపురాన్ని నెట్టుకొచ్చింది కొట్లోని మరమనిషి.

కాజాలు కుట్టడానికి తెచ్చారు దాన్ని. మనిషి మొహం, మనిషి చేతులు, తేనె పూసిన గొంతు. గుమ్మంలో పడుకున్న వీధికుక్కని కూడా "కుక్కగారూ, కాస్త పక్కకి జరగండి" అంటుంది. అందుకే దానికి "గారు" అన్న పేరే ఖాయమైపోయింది.

తగువూ దానివల్లే. ఇరవై ఆరేళ్ళుగా ఆ కొట్లో కాజాలన్నీ దర్జీ భార్య చేతివే. అలాంటిది ఓ పెద్దమనిషికి కోటు చూపిస్తూ, "మా ఇంటిదానికంటే ఈ మరమనిషే నయమండీ, కుట్టుకి కుట్టు సమానం" అనేశాడు దర్జీ. ఆవిడ సూదిని గుడ్డకే గుచ్చేసి లేచిపోయింది.

అప్పట్నుంచీ ఇద్దరికీ గారే దిక్కు. "అన్నం చల్లారిపోతోందని చెప్పు ఆ మహానుభావుడికి" అని ఆవిడ వెనకగదిలోంచి విసురుగా అంటే, గారు ముందుకొచ్చి, "అయ్యగారూ, అమ్మగారు మిమ్మల్ని భోజనానికి రమ్మంటున్నారు" అనేది. వెటకారమంతా దారిలోనే ఆవిరి. ఆవిడకి ఒళ్ళు మండేది. తిట్టిన తిట్టు మొగుడికి చేరకపోతే తిట్టీ ఏం లాభం? కోపమూ ఓ మాటే కదా, మర్యాద పేరుతో దాన్ని మింగేసే హక్కు దీనికెవరిచ్చారు?

పన్నెండో రోజు పొద్దున్నే ఆవిడ సంచి సర్దుకుంది. "మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నానని చెప్పు" అంది. ఆయన పరుగెత్తుకొచ్చి ఆపుతాడని మనసులో ఓ మూల ఆశ. నిజానికి సంచి సర్దింది ఆ ఆశతోనే. తలుపు చాటున నిలబడి చెవి ఒగ్గింది.

"అయ్యగారూ, అమ్మగారు వాళ్ళ అక్కగారింటికి వెళ్ళొస్తారట."

"మంచిదే. నాలుగు రోజులుండి రమ్మను." అతని కుట్టుమిషను ఆగనైనా ఆగలేదు.

ఆవిడ ఇక ఉండబట్టలేక బయటికొచ్చింది. "వెళ్ళొస్తానని ఎవరన్నారు? వెళ్ళిపోతున్నానన్నాను!"

మిషను ఆగింది.

"క్షమించండి అమ్మగారూ. గడప దాటేటప్పుడు 'పోతా' అనకూడదంటారని మార్చాను" అంది గారు. "సరిదిద్దుతాను. అయ్యగారూ, అమ్మగారు వెళ్ళిపోతున్నారు. ఇక తిరిగి రారు."

ఆ మాటా అంత తియ్యగానే చెప్పింది. తిరిగి రానని మాత్రం ఆవిడ అననేలేదు.

దర్జీ దిగ్గున లేచాడు. ఒళ్ళో గుడ్డ కిందపడింది. "దానికి చెప్పు..." అంటూ అలవాటుగా గారువైపు తిరిగి, నాలిక్కరుచుకుని, భార్య ఎదుటికొచ్చి నిలబడ్డాడు.

"బుద్ధి గడ్డితిని అన్నానే ఆ మాట. తప్పయిపోయింది. ఇదిగో, నీకే చెబుతున్నా. ఇప్పుడు నువ్వు చెప్పు. దాని నోట వద్దు, నీ నోటితోనే చెప్పు, పోతానని."

ఆవిడ నోరు తెరిచింది. పదకొండు రోజులు కూడబెట్టుకున్న తిట్లన్నీ నాలిక చివరే ఉన్నాయి. ఆ ఒక్క మాట మాత్రం రాలేదు.