ఏసీ వెయ్యని వదిన

ఆ పాత కారు మీద ఇద్దరు డ్రైవింగ్ నేర్చుకుంటున్నారు. పొద్దున ఏడింటికి ఒక నర్సు, పదింటికి టైలరమ్మ. నేర్పేది టైలరమ్మకి స్వయానా ఆడపడుచు. చిక్కల్లా ఏమిటంటే, నర్సు గంటసేపు నడిపినా కారు కిమ్మనేది కాదు. టైలరమ్మ ఎక్కిన పావుగంటకల్లా టెంపరేచర్ ముల్లు పైకి పాకి, ఎర్ర లైటు వెలిగేది.

మూడోరోజూ అదే తంతు. గోదాము వెనక ఖాళీ స్థలంలో ఇంజిన్ ఆపేసి ఇద్దరూ దిగారు.

“ఏమో వదినా, మెకానిక్ రెండుసార్లు తిప్పి చూశాడు. ఏ లోపమూ లేదన్నాడు. నువ్వే క్లచ్ మీంచి కాలు తియ్యట్లేదేమో!” అంది ఆడపడుచు.

టైలరమ్మ ఉడుక్కోలేదు. మిషన్ దారం తెంపితే దాన్ని తిట్టకుండా, ఎక్కడ తెంపుతోందో వంగి చూడటం ఆమెకు ఏళ్లుగా అలవాటు.

“నర్సుగారు ఎక్కడ నడుపుతారు?”

“ఇక్కడే. నీకంటే నెమ్మది.”

“మరి ఆవిడ చేసేదేంటి, నేను చెయ్యనిదేంటి?”

“ఎక్కగానే ఏసీ వేస్తుంది. నీకు తుమ్ములొస్తాయని నువ్వు అద్దాలు దించుకుంటావు. కానీ ఏసీ వేస్తే ఇంజిన్‌కి ఇంకా భారం కదా?”

“మెకానిక్కో?”

“అతనూ అంతే. ఎక్కీ ఎక్కగానే ఏసీ.”

టైలరమ్మ కళ్లు మెరిశాయి. గబగబా బానెట్ ఎత్తి రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోయింది. ఆడపడుచు ఒక్క ఉదుటున ఆ చెయ్యి పట్టుకుని లాగింది.

“అమ్మో! వేడినీళ్లు మొహాన చిమ్ముతాయి. చల్లారనీ.”

ముప్పావుగంట ఆగి, ఏసీ లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేశారు. ముల్లు సగం దాటింది. ఇంకాస్త ఎక్కింది. రేడియేటర్ వెనక ఫ్యాను మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఉంది.

“ఇప్పుడు ఏసీ వెయ్యి,” అని బానెట్ దగ్గర్నుంచి అరిచింది టైలరమ్మ.

టక్కుమంది. ఫ్యాను గిర్రున తిరిగింది. చూస్తుండగానే ముల్లు దిగడం మొదలుపెట్టింది.

అలా ఏసీ వేసుకునే, అద్దాలన్నీ దించుకుని, టైలరమ్మ తుమ్ముతూండగా మెకానిక్ షెడ్డుకి చేరారు. సంగతంతా విని అతను తల గోక్కున్నాడు. ఇంజిన్ ఆపి, రేడియేటర్ పక్కనున్న చిన్న స్విచ్చి ప్లగ్గు ఊడదీసి, అందులోని రెండు కొసల్నీ ఓ వైరు ముక్కతో కలిపాడు. తాళం తిప్పగానే, ఏసీ లేకుండానే ఫ్యాను తిరిగింది.

“ఫ్యాను మోటారు బంగారంలా ఉందమ్మా. నీళ్లు వేడెక్కాయని దానికి చెప్పాల్సిన స్విచ్చే చచ్చిపోయింది. ఏసీ వేస్తే వేరే దారిలో కరెంటు వస్తోంది. నేను ఏసీ లేకుండా ఒక్కసారీ చూడలేదు, తప్పు నాదే.”

కొత్త స్విచ్చి పడ్డాక మర్నాడు టైలరమ్మ అద్దాలు దించుకుని బయల్దేరింది. ముల్లు సగానికి వచ్చింది. ముందునుంచి సన్నగా హోరు వినిపించింది.

“తిరిగింది! దానంతటదే తిరిగింది!” అంటూ ఆమె క్లచ్ వదిలేసింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

“తిరిగింది సరే వదినా,” అంది ఆడపడుచు, డాష్‌బోర్డుకి చేతులు ఆనించి. “ఈసారి తప్పు మాత్రం నిజంగా నీ కాలిదే.”