రొయ్యలకేం కరువొచ్చింది?

నాకు కోపం ఎక్కువని ఇంట్లోనూ అంటారు, రీసెర్చి చేసే చోటా అంటారు. కానీ పంతొమ్మిది వందల అరవై నాలుగులో ఆ రోజు నాకొచ్చిన కోపం ఎవరికైనా వస్తుంది. ఏళ్ళ తరబడి పులికాట్ సరస్సు బురదలో దిగి రొయ్యల మీద థీసిస్ రాస్తే, మా గైడు జయరామయ్యగారు సంతకం పెట్టనన్నారు.

"నువ్వు రాసింది నాకే అర్థం కాలేదమ్మా, కరుణాకుమారీ! పాళెంలో వాళ్ళకి బొమ్మేసి చెప్పు. ఒక్కరైనా విని మళ్ళీ నాకు చెప్పగలిగితే అప్పుడు పెడతాను."

పిహెచ్‌డి విద్యార్థులందరికీ ఆయన పెట్టే పరీక్షే ఇది. ఆ సంతకం లేనిదే థీసిస్ యూనివర్సిటీకి పోదు.

వాకాడు దగ్గర చేపలు పట్టేవాళ్ళ పాళెంలో, జయరామయ్యగారిని కూడా కూర్చోబెట్టి, పందిరి కింద నా చార్టు తగిలించాను. గీతలు, బాణాలు, రంగులు, ఎంత ముద్దుగా వేశానో!

"రొయ్యపిల్లలు సముద్రంలో పుట్టి ఈ సరస్సులోకి, అదే మీ చెరువులోకి, వస్తాయి. ఇక్కడ పెరిగి మళ్ళీ సముద్రానికి వలసపోతాయి," అన్నాను.

ముందు కూర్చున్న గురవమ్మ ముక్కున వేలేసుకుంది. "అయ్యో పాపం! రొయ్యలకేం కరువొచ్చింది తల్లీ, వలస పొయ్యేదానికి?"

పందిరంతా ఒకటే నవ్వు. జయరామయ్యగారు కూడా కండువా అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ చాకిరీ గంగపాలైందని ఏడుపూ వచ్చింది.

"కరువూ లేదు, కాటకమూ లేదక్కా!" అని అరిచాను. "గుడ్లు పెట్టడానికి పోతాయి. పురిటికి మనం పుట్టింటికి పోమా? అట్లా!"

నవ్వు ఠక్కున ఆగింది. అప్పుడు వెలిగింది నా బుర్ర! చార్టు తిప్పి వెనకవైపు బొగ్గుతో గబగబా గీశాను. ఇటు చెరువు, అటు సముద్రం, రెండూ కలిసే మొగలో ఒక రొయ్య. ఏమైతే అయిందని దాని తలలో పూలు కూడా పెట్టాను.

గురవమ్మ బొమ్మను తేరిపార చూసి మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యో నరసయ్యా! మొగకడ్డంగా వల కట్టినావే! పుట్టింటికి పొయ్యేదాన్ని దారిలో పట్టేస్తే పురుడెక్కడ, పిల్లలెక్కడ? మళ్ళా మన చెరువులోకి ఏమొస్తాయి? తియ్యి ముందు!"

"తీస్తాలేమే, అరవబాక!" అని నరసయ్య లేచాడు.

మొగకడ్డంగా వల కట్టకూడదన్నదే నా ఆఖరి అధ్యాయం. నేనింకా దాని దాకా పోనేలేదు. సంతోషం పట్టలేక గురవమ్మను వాటేసుకున్నాను.

జయరామయ్యగారు జేబులోంచి పెన్ను తీశారు. "తే తల్లీ, సంతకం పెడతా."

నేను కాగితాల కట్టను వీపు వెనక దాచేశాను.

"ఇప్పుడే వద్దు సార్. ముందు దీన్ని నాకు అర్థమయ్యేట్టు రాసుకోనివ్వండి."