నీలం మూత డబ్బా

నాలుగో కీచురాయి కూడా తొండపిల్ల ముక్కు మీంచే నడిచి వెళ్ళిపోయింది. అది నోరు తెరిచింది, మూసింది. మధ్యలో ఏమీ లేదు.

"మింగిందా?" వంటింట్లోంచి అక్క అడిగింది.

"లేదు."

"మింగకపోతే నోట్లో కుక్కు. హాస్టల్లో రెండొందల మందికి వండి పెట్టినదాన్ని. తినను అన్నవాడు ఒక్కడూ నా ముందు నిలబడలేదు."

"అక్కా, ఇది రెండు గ్రాముల ప్రాణం."

"ప్రాణానికి తూకం వేసేవాణ్ణి నిన్నే చూస్తున్నానురా తమ్ముడూ."

తూకం వేయడం నాకు అలవాటు. పోస్టాఫీసులో పార్సెళ్ళ కౌంటరు వెనక ముప్ఫై నాలుగేళ్ళు కూర్చున్నాను. రిటైరైన రోజు తోటివాళ్ళు ఉత్తరాలు తూచే చిన్న త్రాసు ఒకటి బహుమతిగా ఇచ్చారు. దాన్ని ఏం చేసుకోవాలో ఇన్నాళ్ళూ తెలియలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే తొమ్మిది తొండపిల్లల్ని దాని మీద పెట్టి, తొమ్మిది అంకెలు పుస్తకంలో రాస్తున్నాను.

వీటి అసలు పేరు బియర్డెడ్ డ్రాగన్. గడ్డం కింద ముళ్ళు ముళ్ళుగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. మా అమ్మాయి డ్రాగన్లు అంటుంది. అక్క తొండలు అంటుంది. ఎవరు వింటున్నారో చూసుకుని నేను ఏదో ఒకటి అంటాను. తల్లి డ్రాగన్ మా అమ్మాయిది. ఆమె అద్దెకుండే ఇంటివాళ్ళు ఒప్పుకోకపోవడంతో అది మా ముందు గదిలో, అద్దాల పెట్టెలో ఉంటోంది. రెండు నెలల కిందట గుడ్లు పెట్టింది. అమ్మాయి వాటిని వెచ్చటి పెట్టెలో సర్దింది. ఆ తర్వాత ఉద్యోగంలో నెలరోజుల ట్రైనింగు పడింది.

"ఏం కంగారు లేదు నాన్నా. నేను వచ్చాకే పిల్లలవుతాయి," అని చెప్పి ఆదివారం రైలెక్కింది.

ఆ మాట గుడ్లకి ఎవరూ చెప్పలేదు. బుధవారానికి పదకొండు పిల్లలు.

రెండు రోజుల్లో రెండు పోయాయి. ఫోనులో చెప్పాను. "మిగతావి జాగ్రత్త నాన్నా," అంది, చిన్నప్పటి గొంతుతో.

"ఇంక ఒక్కటీ పోదు. నాదీ పూచీ," అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలియదు. పార్సెలు ఎప్పుడు చేరుతుందో ఎవరికీ మాటివ్వకుండా ముప్ఫై నాలుగేళ్ళు నెట్టుకొచ్చినవాణ్ణి.

ఆ రోజు నుంచీ నా బతుకు బతుకులా లేదు. ఒకదాని కాలివేళ్ళకి పాత చర్మం ఊడకుండా ఉంగరాల్లా బిగుసుకుపోయింది. సబ్బుపెట్టెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, పూటకి పది నిమిషాలు దానికి స్నానం. ఇంకో రెండు ఒకదాని తోక ఒకటి కొరుక్కున్నాయి. దాంతో తొమ్మిదింటికీ తొమ్మిది పెట్టెలు, భోజనాల బల్ల నిండా. పైన వరసగా, ఎండకి బదులు దీపాలు. మేం పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాం. పెట్టెల్లో వేయగా తప్పించుకున్న కీచురాళ్ళు అలమార వెనక చేరి సంగీతం మొదలుపెట్టాయి.

ఆఖరున పుట్టినదానిదే అసలు గొడవ. గుడ్డులోని సొన ఇంకా లోపలికి పోకుండా, పొట్ట కింద బఠాణీగింజంత సంచీలా వేలాడుతూ పుట్టింది. ముట్టుకోవద్దు, లాగొద్దు, తడి కాగితం మీద ఉంచు చాలు అంది అమ్మాయి. మూడు రోజులు దాన్ని ఊపిరి బిగబట్టి కాపలా కాశాను. మూడో రోజుకి సంచీ దానంతట అదే ఇంకిపోయింది. ఏమీ చేయకుండా ఉంటే బాగుపడే జబ్బులు కూడా లోకంలో కొన్ని ఉన్నాయనుకుని, ఆ మధ్యాహ్నం కాస్త కునుకు తీశాను.

అది లేచి నిలబడి వారం కూడా కాలేదు, కాళ్ళు వణకడం మొదలైంది. మొదట వెనక కాళ్ళు, తర్వాత వేళ్ళు. తల ఎత్తితే తల కూడా. అక్క దానికి 'వణుకుడు' అని పేరు పెట్టింది. రెండు రోజులకి ఇంకో రెండు పిల్లలు కూడా అదే దారి పట్టాయి.

"కాల్షియం పొడి వేస్తున్నావు కదా నాన్నా?" అమ్మాయి అడిగింది.

"ప్రతి పురుక్కీ వేస్తున్నాను."

"నీలం మూత డబ్బాలోదే కదా?"

"నీలం మూత డబ్బాలోదే."

మా ఇంట్లో డబ్బాల మీద పేర్లుండవు. అన్నీ ఒకే రకం తెల్ల డబ్బాలు, మూతలే వేరు. ఎర్ర మూత కారం, పచ్చ మూత టీపొడి, పసుపు మూత పంచదార, తెల్ల మూత సూపు చిక్కబడటానికి వేసే తెల్లటి మొక్కజొన్న పిండి. ఆ పద్ధతి మా ఆవిడది. గది ఆ చివరి నుంచి కూడా ఏది ఎక్కడుందో తెలియాలనేది. నీలం మూత కింద ఆఖరి రోజుల్లో ఆవిడ మాత్రలుండేవి. తర్వాత ఆరేళ్ళు ఆ డబ్బా ఖాళీగా ఉంది. కడిగి, ఆరబెట్టి, మళ్ళీ అక్కడే పెట్టేవాణ్ణి. మొన్న వెళ్ళేముందు అమ్మాయి కాల్షియం పొడి సంచీ విప్పి, ఒక్క నిమిషం ఆలోచించి, అందులో పోసింది. నాకు బాగానే అనిపించింది.

కప్పులో కీచురాళ్ళు, చిటికెడు పొడి, పైన మూత. తెల్లగా అయ్యేదాకా ఆడించి పెట్టెలో వదలడం. పూటపూటా ఒక్కసారి కూడా మర్చిపోలేదు. మరి ఈ వణుకేమిటి?

"ఈ పిండికేం మాయరోగం వచ్చిందోరా," అటు అక్క గొణుగుడు. "ఎంత వేసినా సూపు చిక్కబడి చావదు. అడుగున మడ్డి మాత్రం ఇంత."

"ఏమోనక్కా, నాకు చేతినిండా పనుంది."

"ఉంటుంది మరి. అక్క ఏం తింటోందో చూడ్డానికి తీరికుండదు. తొండలకి మాత్రం స్నానాలు!"

అక్క తన ఇంటికి మరమ్మతులు చేయిస్తూ రెండు నెలల కిందట మా ఇంటికి వచ్చింది. వచ్చిన రోజు నుంచీ ఏదో ఒకటి కడుగుతూనే ఉంది.

మంగళవారం వణుకుడుని సబ్బుపెట్టెలో పెట్టుకుని, ఆ పెట్టెని వెచ్చదనం కోసం చొక్కాలో పెట్టుకుని, జంతువుల ఆసుపత్రికి వెళ్ళాను. ఇలాంటి ప్రాణులని చూసే డాక్టరమ్మ మంగళవారాలే ఉంటుంది. నా పక్కన ఒకాయన దూడంత కుక్కని పట్టుకుని కూర్చున్నాడు.

"చొక్కాలో ఏముందండీ?"

"తొండ."

ఆయన కుక్కని తీసుకుని రెండు కుర్చీలు అవతలికి జరిగాడు.

డాక్టరమ్మ మా అమ్మాయికన్నా చిన్నది. వణుకుడుని అరచేతిలోకి తీసుకుని, వేలికొనతో దవడ తాకి చూసింది.

"దవడ మెత్తబడుతోంది సార్. కాల్షియం అందడం లేదు."

"రోజూ వేస్తున్నానమ్మా."

"ఎండకి బదులు పెట్టే దీపాలు?"

"కొత్తవే. అమ్మాయి చెప్పినవే కొని బిగించాను."

"పొడి తెచ్చారా?"

తెచ్చాను. కౌంటరు దగ్గర పని చేసినవాడికి, కావలసినవాటికన్నా ఎక్కువ కాగితాలు వెంట తీసుకెళ్ళే అలవాటు పోదు. ఆమె డబ్బా తీసి చూసింది. వేళ్ళ మధ్య నలిపింది. ఆసుపత్రి సిబ్బంది భోజనాల గదిలోంచి వెనిగర్ సీసా తెప్పించి, చిటికెడు పొడి మీద రెండు చుక్కలు వేసింది. ఇద్దరం వంగి చూశాం. పొడి తడిసింది. అంతే.

"కాల్షియం అయితే బుసబుసా పొంగాలి సార్. ఇది మొక్కజొన్న పిండి."

నేను మూత రంగు మళ్ళీ చూశాను. నీలమే.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండు రోజులు."

ఆమె పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుందని తెలుస్తూనే ఉంది. "పదకొండు రోజులుగా వేయించడానికి సిద్ధం చేసినట్టు పురుగులకి పిండి పట్టిస్తున్నారు సార్." తర్వాత నవ్వు లేకుండా చెప్పింది. "మిగతావి కోలుకుంటాయి. ఇది చాలా నీరసంగా ఉంది. చుక్కలమందు రాసిస్తాను, రోజుకి రెండుసార్లు. నాలుగు రోజులు చూద్దాం. మాట మాత్రం ఇవ్వలేను."

మాట ఇవ్వనందుకు ఆమె మీద గౌరవం కలిగింది.

ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళి, తెల్ల మూత డబ్బాలోంచి చెంచాడు పొడి తీసి వెనిగర్ పోశాను. చెంచా దాటి పొంగింది.

"అదేమిట్రా?" అంది అక్క.

"అక్కా, డబ్బాల మూతలు తీశావా?"

"తీయకేం? వచ్చిన వారంలోనే తీసి కడగాల్సింది. జిడ్డు ఇంత మందాన ఉంది. మొన్న పిల్ల రైలెక్కిన సాయంత్రం అన్నీ కడిగి పెట్టా."

"ఏ మూత దేనికో చూసి పెట్టావా?"

"చూసేదేముంది? అన్నీ ఒకటే సైజు. ఏ మూతైనా పడుతుంది."

"ఏ మూతైనా పడుతుంది. అదే మరి!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నువ్వు పిండి డబ్బాకి నీలం మూత పెట్టావు. నేను పదకొండు రోజులు ఆ పసిదానికి పిండి తినిపించాను. అది నిలబడలేకపోతోంది!"

"అయితే నన్నంటావేంటి? పేర్లు రాసుకోవచ్చుగా మనుషులన్నాక! రంగులట రంగులు. కొత్తగా వచ్చినవాళ్ళకి కలలోకి వచ్చి చెబుతాయా?"

అందులో న్యాయం ఉంది. అందుకే ఒళ్ళు మండింది. పేర్లు రాసి అంటించాలని ఈ ఆరేళ్ళలో చాలాసార్లు అనుకున్నాను. ఒక్కసారీ చేయి రాలేదు.

అక్క చెంచాలో నురగని చూస్తోంది. ముఖం మెల్లగా మారింది.

"ఒరేయ్. మరి సూపులో?"

"అవును."

"ఇన్ని రోజులూ?"

"అవునక్కా."

"నేను చిక్కబడలేదని ఇంకో రెండు చెంచాలు వేస్తూ వచ్చాను కదరా!"

ఆసుపత్రికి ఫోను చేశాను. ఈసారి డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేదు. సంచీ మీద ఏం రాసుందో చదవమంది. విటమిన్లు కలపని ఉత్త కాల్షియమేనని తేలాక, ఇకనైనా మానేసి నీళ్ళు బాగా తాగమంది.

"మొన్న మోకాళ్ళు తేలిగ్గా ఉన్నాయన్నావు," అన్నాను ఫోను పెట్టేసి.

మసిగుడ్డ వచ్చి నా మొహాన పడింది.

చుక్కలమందు సూదిలేని సిరంజిలో ఎక్కించి, వణుకుడు పెదవి మీద ఒక్క చుక్క వదలాలి. అది నాకుతుంది. మొదటి రోజు నా చేయి వణికి చుక్క కంట్లో పడింది. రెండోసారి నేల మీద పడింది.

"ఒక ఇంట్లో ఇద్దరు వణుకుళ్ళకి చోటు లేదు. ఇటు తే," అని అక్క కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. రెండు నెలల్లో ఆ తొండల దరికి రాని మనిషి. చుక్క సరిగ్గా పెదవి అంచున నిలిచింది. గులాబీరంగు నాలుక ఒకటి బయటికి వచ్చి వెళ్ళింది. "తాగు తల్లీ, తాగు. ఇంతంత పిండి తిన్నావు పాపం," అంది అక్క, నేను వినడం లేదనుకుని.

మిగతా రెండూ రెండు రోజుల్లో గట్టిగా నిలబడ్డాయి. వణుకుడు మాత్రం పడుకునే ఉంది. రాయి మీదికి ఎక్కబోయి జారేది, మళ్ళీ ఎక్కబోయేది. త్రాసు ముల్లు కదల్లేదు.

మూడో రోజు సాయంత్రం అమ్మాయి ఫోను చేసింది. అప్పటిదాకా రోజూ "బాగున్నాయి" అనే చెబుతూ వచ్చాను.

"నాన్నా, ఆఖరిది కొంచెం పెరిగిందా?"

నేను గొంతు సవరించుకున్నాను. రెండోసారి సవరించుకునేసరికి అక్క ఫోను లాక్కుంది.

"అమ్మడూ, నేను అత్తని. మీ నాన్న తప్పేమీ లేదు. మూతలు మార్చింది నేను. నీ తొండకి పిండి తినిపించాం. అది నీరసపడింది. మందు నేనే వేస్తున్నాను."

అరవై ఎనిమిదేళ్ళ మనిషి. తప్పు నాది అని ఆమె నోట వినడం నా జీవితంలో అదే మొదటిసారి. నేను బల్ల మీది పెట్టెలు సర్దుతున్నట్టు నటించాను.

"నీలం మూత కూడా మార్చావా అత్తా?" అమ్మాయి గొంతు బయటికి వినిపించింది.

"మార్చాను. మళ్ళీ దానిది దానికే పెట్టాను. నా చేత్తోనే."

"సరే అత్తా. అది ఉందా ఇంకా?"

"ఉంది. రాయి ఎక్కాలని చూస్తోంది. మీ నాన్నలాగే, చెప్పినా వినదు."

నాలుగో రోజు పొద్దున త్రాసు ముల్లు వెంట్రుకవాసి కదిలింది. నా కళ్ళ తప్పేమోనని అక్కని పిలిచాను. అక్క కూడా కదిలిందనే చెప్పింది. అయినా తిండి తనంతట తాను పట్టుకోవాలి, లేకపోతే లాభం లేదని డాక్టరమ్మ ముందే చెప్పింది. అక్క పొడిని ముందు వెనిగర్ చుక్కతో పరీక్ష చేసి, అవును ప్రతిసారీ చేస్తోంది, కప్పులో కీచురాళ్ళు వేసి, పొడి వేసి, చిన్న పట్టకారుతో ఒకదాన్ని వణుకుడు ముందు వదిలింది.

అది నోరు తెరిచింది, మూసింది. ఏమీ లేదు. పురుగు రాయి వెనక్కి పోయింది.

రెండోది. వణుకుడు తల తిప్పింది. వెనక కాళ్ళు రెండూ నేలకి ఆనించి, ఒక్క క్షణం ఆగింది. కాళ్ళు వణకలేదు. ముందుకి పడింది, పడిందనే అనాలి, దూకిందని అనలేను. నోట్లోంచి పురుగు కాలొకటి బయటికి వేలాడుతోంది.

"మింగిందిరా! ఒరేయ్, మింగింది!" అక్క కేకకి మిగతా ఎనిమిది పెట్టెల్లోనూ ఎనిమిది తలలు లేచాయి. ఒక పిల్ల భయపడి, ముందుకాలు గాల్లోకి ఎత్తి మెల్లగా ఊపింది. పెద్దవాళ్ళు ఎదురైతే అవి అలా చేతులూపుతాయట. అక్క దానికి తిరిగి చేయి ఊపింది. ఎవరికీ చెప్పొద్దని తర్వాత నాతో ఒట్టు పెట్టించుకుంది.

అమ్మాయికి ఫోను చేద్దామని లేచాను. పాదం మీద ఏదో ఎగిరింది. ఇంకోటి. గోడ మీద మూడు. బల్ల అంచున తెల్లగా పొడి పూసుకుని ఒకటి మీసాలు తిప్పుతోంది.

"అక్కా. కప్పు మీద మూత ఏది?"

అక్క కప్పు కేసి చూసింది, నా కేసి చూసింది.

"నువ్వు పెట్టావనుకున్నానురా."

ఫోను జేబులో పెట్టుకుని, మోకాళ్ళ మీద బల్ల కిందికి దూరాను. నేల మీద తెల్లటి పొడి జాడలు అలమార దాకా పోయాయి. పైన అక్క నవ్వుతూనే, ఇటు వచ్చింది, కాదు అటు వెళ్ళింది అని దారి చెబుతోంది. ఒక్కటీ దొరకలేదు.