కాయ చప్పుడు

ఆ కబురు వచ్చేసరికి ఫెబా చేతుల గోరింటాకు ఇంకా వెలిసిపోలేదు. పెళ్లై ఇరవై రోజులు. మిరప ఎరుపేదో, గోరింటాకు ఎరుపేదో తెలియని అరచేతిని చూసుకుని తనలో తనే నవ్వుకుంటోంది.

"ప్రభుత్వం మన షెడ్డుని ఎంపిక చేసిందండీ!" మేనేజరు చైతన్యకృష్ణ సెల్‌ఫోన్ పైకెత్తి అరిచాడు. "కృత్రిమ మేధ పథకం! మిషన్‌కి సగం డబ్బు సర్కారుదే. దానికి కాయలు ఏరడం నేర్పేది మీరే. ఇక మీరు కూలీలు కారు, గురువులు!"

సర్కారు డబ్బంటే ఎవరి డబ్బో అప్పుడెవరూ అడగలేదు. ప్రత్తిపాడు రోడ్డు మీది ఆ మిర్చి షెడ్డులో నలభై మంది ఆడవాళ్లూ చప్పట్లు కొట్టారు. తలా ఒక లడ్డు ఇచ్చారు. ఫెబా సగం తిని, సగం మొగుడు మార్క్ కోసం కొంగున ముడేసుకుంది.

"నేర్చుకున్నాక అది మనల్నేం చేస్తుందే?" అంది పక్కన కూర్చున్న కోటేశ్వరి.

"ఎవర్నీ తీసెయ్యరని కాగితంలో రాసుందక్కా." డిగ్రీ చదివిన ఫెబా మాట. నలభై వేలిముద్రలూ దగ్గరుండి వేయించింది. నిజానికి కాగితంలో ఉన్నది 'ఉపాధికి ప్రాధాన్యం' అని మాత్రమే. మిగతాది ఆమె సంతోషం చదివింది.

మిషన్ దిగిన రోజు, అందరికన్నా పెద్దదైన ఎలీసమ్మ దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసింది. "ప్రభువా, దీనికి మంచి కళ్లియ్యి. నా కళ్లు ఈ ఘాటుకి పోయాయి."

రెండు నెలలు కాయ కాయా కెమెరాకి చూపించారు. ఇది మంచిది, ఇది మచ్చది, ఇది రంగు పోయిన తాలు. ఎలీసమ్మ వేళ్లలోని ముప్పయ్యేళ్ల చదువు మిషన్‌లోకి పోయింది.

మూడో నెల మొదటి రోజు గేటుకి కాగితం అంటించారు. ముప్పై రెండు మంది రానక్కర్లేదు. మొదటి పేరు ఎలీసమ్మ. ఉంచుకున్న ఎనిమిది మందిలో ఫెబా ఉంది.

"దగ్గినప్పుడల్లా నీ చెయ్యి ఆగుతోందంట అవ్వా. మార్కులు వేసింది నేను కాదు, మిషన్," అన్నాడు చైతన్యకృష్ణ.

"దగ్గు పెట్టింది మీ షెడ్డే గదయ్యా?"

గేటు పడింది.

పదిహేను రోజులకి కోల్డ్ స్టోరేజీలో మిషన్ ఏరిన మిర్చి బస్తాలకి బూజు పట్టింది. మిషన్ రంగు చూసింది, తడి చూడలేదు. ఎలీసమ్మ ప్రతి బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించేది. గింజ గలగలమంటే ఎండినట్టు, మూగగా ఉంటే పచ్చి. ఆ సంగతి ఆమెని ఎవరూ అడగలేదు.

చైతన్యకృష్ణ కాయ చప్పుడు రికార్డు చేసే మైకు పట్టుకుని ఎలీసమ్మ వాళ్ల పేటలోకి వచ్చాడు. "అవ్వా, ఒక్కరోజు రా. మిషన్‌కి చెవి నేర్పు."

"నాకు దగ్గొస్తది బాబూ. చెయ్యి ఆగుద్ది."

పేట పేటంతా పగలబడి నవ్వింది.

ఆ నవ్వు తర్వాత రెండు గంటల్లో పోలీసు జీపు వచ్చింది. పచ్చికాయలు కావాలని కలిపి ప్రభుత్వ పథకాన్ని చెడగొట్టిందని ఎలీసమ్మ మీద కేసు. చూపు ఆనని ఆమె జీపు మెట్టు కోసం చేత్తో తడుముకుంటుంటే వెనక నుంచి తోశారు. మొహం ఇనుముకి తగిలి పెదవి చిట్లింది. అడ్డం పోయిన కోటేశ్వరి భుజం మీద లాఠీ పడింది.

జీపు వెళ్లాక కోటేశ్వరి ఫెబా మీదికొచ్చింది. "చదివినదానివి గదే! చదువు ఇప్పుడు, ఏం రాసుందో!"

"రాయని మాట చదివానక్కా. లడ్డు చేతిలో ఉంది, అదే నిజమనుకున్నాను." ఫెబా మెడలోని షెడ్డు కార్డు తెంపి నేలకేసి కొట్టింది. మిగిలిన ఏడుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏడు కార్డులు నేల మీద పడ్డాయి.

గుంపులోంచి పక్క షెడ్డు కౌసర్ ముందుకొచ్చింది. "నిన్ననే మాకూ లడ్డులు పంచారు. వేలిముద్రలు రేపంట."



"వెయ్యొద్దు," అంది ఫెబా. "రేపు పొద్దున ఈ రోడ్డు మీద ఏ షెడ్డులోనూ ఒక్క చెయ్యీ కాయ ముట్టకూడదు. ఆరింటికల్లా అందరం పోలీస్ స్టేషన్ ముందు కూర్చుందాం. తలా ఒక గుప్పెడు బాగా ఎండిన కాయలు తెచ్చుకోండి. అవ్వకి కళ్లు కనపడవు. అవి ఆడిస్తే మనమొచ్చామని ఆమెకి వినపడాలి."

కోటేశ్వరి వాచిన భుజాన్ని పట్టుకుని లేచి నిలబడింది.

"గుప్పెడు చాలదే. తలా ఒక డబ్బాడు."