కడిగితే పోనివి

"ఆగాగు! గుమ్మం దగ్గరే ఆగు. ఆస్పత్రి పురుగులన్నీ మోసుకొచ్చి పిల్లకి అంటిస్తావా? ముందు స్నానం చెయ్యి" అంది అత్తయ్య, రోజూలాగే. ఆవిడ చంకలోంచి ఏడాది నిండని నా కూతురు రెండు చేతులూ చాచి నాకేసి దూకుతోంది.

ఆస్పత్రి ల్యాబులో నా పనే ఆ పురుగుల్ని పట్టుకోవడం. తలుపు గొళ్ళేలు, మంచం కమ్మీలు, డాక్టర్ల చేతులు, అన్నీ దూదిపుల్లతో తుడిచి, ఏమున్నాయో గాజు పళ్ళెంలో పెంచి చూస్తాం. కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పే పాఠం ఒకటుంది: చర్మం మీద సూక్ష్మజీవులు రెండు రకాలు. చుట్టపుచూపుగా వచ్చినవి సబ్బుకి పోతాయి. కాపురమున్నవి ఎంత రుద్దినా పూర్తిగా పోవు. అవి చాలావరకు ఎవరి జోలికీ రావు కూడా.

ఈ పాఠం ఇంట్లో ఎవరికెక్కుతుంది? డ్యూటీ దిగేముందు చేతులు కడిగి, బట్టలు మార్చుకునే వస్తాను. అయినా స్నానం. సరే, చేస్తాను. తల తుడుచుకుంటూ వచ్చేసరికి "ఎలాగూ శుభ్రంగా ఉన్నావుగా, ఆ కూర కాస్త పొయ్యి మీద పడెయ్యి" అంటుంది. కూరయ్యాక గిన్నెలు, గిన్నెలయ్యాక ఆరిన బట్టలు. నా శుభ్రమంతా వాళ్ళ వంటగదికి ఖర్చయ్యాక వెళ్ళి చూస్తే పిల్ల నిద్రపోయి ఉంటుంది. "నీ దగ్గరికి రావడం తగ్గించింది, గమనించావా?" అని పైగా మా ఆయన. ఒళ్ళు మండిపోతుంది నాకు.

ఇవాళ ఆయన మా ఆస్పత్రికే వచ్చారు, కాలు విరిగిన స్నేహితుణ్ణి చూడటానికి. మంచం కమ్మీ పట్టుకుని నిలబడి ఒకటే కబుర్లు. అటుగా వెళ్తూ నేనే చూశాను. ఇద్దరం ఒకే బండి మీద ఇంటికొచ్చాం. అత్తయ్య నన్ను గుమ్మంలో ఆపింది. ఆయన మాత్రం చెప్పులు విడిచి లోపలికి నడిచి, పిల్లని అందుకుని, దాని నోట్లో తన వేలు పెట్టి ఆడించసాగారు.

"మరి ఆయనో?" అన్నాను.

"వాడికేం అంటుతాయే? ఇలా వెళ్ళి అలా వచ్చాడు!"

ఆయన నవ్వారు. "అమ్మ మాటలకేంగాని, త్వరగా స్నానం చేసి టీ పెట్టు."

స్నానాలగదికి వెళ్ళలేదు నేను. వాకిట్లో కుళాయి దగ్గర మోచేతులదాకా సబ్బు రుద్ది కడుక్కున్నాను. తిన్నగా వెళ్ళి పిల్లని తీసుకున్నాను. అది నా మెడ కరుచుకుంది. సబ్బు ఆయన చేతిలో పెట్టాను.

"చేతులు కడుక్కుని టీ మీరే పెట్టండి" అని పిల్లతో లోపలి గదివైపు నడిచాను.

"చెప్తుంటే వినవేం? ఎక్కడికే?" అని అరిచింది అత్తయ్య.

"లోపలికే అత్తయ్యా. నేనిక్కడ కాపురమున్నదాన్ని. కడిగితే పోను."