లైను ఊడ్చినవాళ్లు

చీపురుతో దొరికినందుకు మనిషిని అరెస్టు చేయడం బెదురు పిన్ని ఆ పొద్దున కళ్లారా చూసింది. ఆ మనిషి ఆమె మరిదే. అడవి అంచున ఎండుటాకులు ఊడ్చి, బండి పట్టేంత వెడల్పున నేలను బోడి చేస్తున్నాడు. దాన్ని వాళ్లు లైను అంటారు. కొండమీది మంట అక్కడిదాకా వచ్చి, తినడానికేమీ దొరక్క ఆరిపోతుంది. ఏటా ఎండలు ముదరకముందు ఊరంతా కలిసి చేసే పని అది.

"అడవిలో అడుగు పెట్టొద్దని ఆర్డరుంది. చెవులు లేవా?" అంటూ గార్డు అతన్ని జీపులోకి నెట్టాడు.

పిన్ని చెట్టు చాటున నక్కింది. ఆమెకా పేరు ఊరికే రాలేదు. ఆకు కదిలినా ఉలిక్కిపడే మనిషి.

మధ్యాహ్నం బడి గదిలో అటవీశాఖ అధికారి ఊరివాళ్లను కూర్చోబెట్టి రిపోర్టు చదివాడు. అడవిని నరికితే వచ్చే కలప సొమ్ము కన్నా నిలబెడితే వచ్చే లాభమే ఎక్కువట. నగరానికి నీళ్లు, పొలాలకు వానలు, పైదేశాల గ్రాంటు. అంతవరకూ అందరూ తలలూపారు.

"మంటల నుంచి కాపాడే ఖర్చు, ఏమీ లేదు. ఊరి వల్ల నష్టం, మీరు పట్టుకెళ్లే కట్టెలూ తేనే. కాబట్టి వానలు పడేలోపు మీరు ఊరు ఖాళీ చెయ్యాలి," అన్నాడు అధికారి.

"ఖర్చు లేకపోవడమేంటి సార్? ఇన్నేళ్లూ లైను ఊడ్చింది మీ మామగారా?" అన్నాడు ఊరి దర్జీ.

"కూలి తీసుకున్నట్టు కాగితం ఉందా?"

లేదు. ఒకప్పుడు అటవీశాఖవాళ్లు కూలి ఇస్తామంటే ఊరిపెద్ద తేనె తాతే వద్దన్నాడు, అడవితల్లి వాకిలి ఊడ్చి డబ్బులడుగుతామా అని. ఇప్పుడాయన తల దించుకున్నాడు. భక్తితో చేసిన పని కాగితం మీద పనే కాకుండా పోతే, తప్పు భక్తిదా, కాగితానిదా?

అధికారి వెళ్లగానే గదిలో గోల లేచింది.

"ఊడవొద్దు! కాలిపోనీండి. ఖర్చంటే ఏంటో అప్పుడు తెలుస్తుంది," అన్నాడు దర్జీ.

"కాలేది మన కొంపలే కదరా," అన్నాడు తాత.

"ఎలాగూ పీకేస్తారుగా తాతా!"

కిటికీలోంచి చూస్తే పడమటి కొండ మీద సన్నగా పొగ. వెళ్తే జైలు, వెళ్లకపోతే మంట.

"నాకు భయమేస్తోంది," అంది పిన్ని.

"నీకెప్పుడెయ్యలేదు పిన్నీ!" అందరూ నవ్వారు.

"ఒక్కదాన్నే ఇంట్లో కూర్చుంటే ఇంకా ఎక్కువేస్తుంది. అందరం వెళ్దాం. దొంగల్లా కాదు, వాళ్లు చూస్తుండగానే. పట్టుకుంటే పట్టుకోనీ. ఏం చేస్తుంటే పట్టుకున్నారో మాత్రం రాయమందాం. కాగితం కావాలన్నాడుగా!"

నవ్వు ఆగిపోయింది.

అరవై మంది చీపుళ్లతో లైను మీదికి దిగారు. పిన్ని దేవుణ్ని తలుచుకుంటూ ఊడుస్తోంది. గంటలో జీపొచ్చింది.

"ఎవరు రెచ్చగొట్టారు మిమ్మల్ని?" అన్నాడు గార్డు దిగుతూనే.

పిన్ని ముందుకొచ్చింది. "నన్నే మొదట రాసుకో నాయనా. పేరు పక్కన, లైను ఊడుస్తుండగా అని రాయి."

"అక్రమ ప్రవేశం. అంతే రాస్తా."

"అయితే వేలిముద్ర వెయ్యం. ఒక్కొక్కళ్లనీ మోసుకెళ్లు," అన్నాడు దర్జీ. "అరవై మందిమి. నీ నడుం జాగ్రత్త బావా."

గార్డు పొగ వైపు చూశాడు. అది కొండ సగం దిగింది. అతను కలం తీశాడు.

"చదివి వినిపించు," అంది పిన్ని. లైను ఊడుస్తుండగా అన్న మాట విన్నాకే వేలు ముందుకు చాపింది.

రాయించుకున్నవాళ్లు జీపెక్కుతుంటే, రాయించుకోవలసినవాళ్లు ఊడుస్తూనే ఉన్నారు.